సింగపూర్ నుంచి వచ్చిన చైనా మూలికల పెట్టె: వాడి చూసి రాస్తున్నాను

చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ళ కోసం మార్కులు ముందే చెప్పేస్తాను. నాలుగు మూలికల సూప్ ప్యాకెట్‌కి ఐదుకి మూడున్నర. నల్లకోడి మాత్రలకి రెండు. మన విశాఖలో చైనీస్ హెర్బల్ థెరపీ అని బోర్డు పెట్టుకున్న ఒక సెంటర్‌కి సున్నా. పూర్ణా మార్కెట్ దగ్గర మూలికల కొట్టు పెద్దాయనకి మార్కులు వేసేంతదాన్ని కాదు గానీ, ఆయన గురించీ రాస్తాను.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఈ రివ్యూ ఎవరికి పనికొస్తుందో తెలియదు. కేజీహెచ్ ఆసుపత్రి డౌన్‌లో ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఊరివాళ్ళ రక్తాలు చూడ్డమే పని. వయసు నలభై మూడు. గర్భసంచిలో చిన్న ఫైబ్రాయిడ్, అంటే క్యాన్సర్ కాని గడ్డ, ఉంది. డేట్ వచ్చిందంటే మొదటి రెండు రోజులు పొత్తికడుపు మెలితిప్పేస్తుంది, బ్లీడింగ్ కూడా ఎక్కువే. "ఇప్పుడే ఆపరేషన్ ఎందుకమ్మా, మధ్యమధ్యలో స్కాన్ చేసి చూసుకుందాం" అంటారు మా డాక్టరమ్మ. ఈలోగా ఎవరు ఏ చిట్కా చెప్పినా చెవి అటే పోతుంది. మా ఆడపడుచు ఉండేది సింగపూర్‌లో. తనతో పనిచేసే చైనీస్ ఆవిడ నా సంగతి విని, దగ్గరుండి షాపుకి తీసుకెళ్ళి మరీ ఇవన్నీ కొనిపించిందట. విశాఖ నుంచి సింగపూర్‌కి నేరుగా విమానం పడ్డాక అక్కడి సరుకు మన వంటింట్లోకి తేలిగ్గా వచ్చేస్తోంది. ఒకప్పుడు చాక్లెట్లు, కోడాలి తైలం తెచ్చేవాళ్ళు, ఇప్పుడు మందులు తెస్తున్నారు.

ముందు సూప్ ప్యాకెట్. ఒక్కోటి మన డబ్బుల్లో మూడొందల పైచిలుకు పడింది. చైనాలో దీన్ని 'సి వు తాంగ్' అంటారు, నాలుగు వస్తువుల కషాయం. సాంగ్ రాజుల కాలంలో సర్కారు మందుల కొట్టు కోసం రాసిన మందు మిశ్రమాల పుస్తకంలోనే ఉందంటే తొమ్మిది వందల ఏళ్ళ నాటి మాట. అంతకుముందు దీన్ని దెబ్బలు తగిలినవాళ్ళకి ఇచ్చేవాళ్ళట, తర్వాత రక్తం పట్టించే ఆడవాళ్ళ మందుగా స్థిరపడిపోయింది.

నాకు మొదట నచ్చింది ప్యాకెట్ వెనక భాగం. నాలుగు మూలికల పేర్లూ చైనీస్‌లో, ఇంగ్లీషులో, లాటిన్‌లో ఉన్నాయి. ఒక్కోటి ఎన్ని గ్రాములో ఉంది. తయారైన తేదీ, గడువు తేదీ, బ్యాచ్ నంబరు ఉన్నాయి. నేను పనిచేసే చోట పేరు రాయని ట్యూబు వస్తే పరీక్షే చెయ్యం, కాబట్టి ఇలాంటి వాటికి నా దగ్గర మార్కులు ఎక్కువ.

లోపల కవరు చించి పళ్ళెంలో పోశాను. డాంగ్ గ్వెయ్ అనేది లేత గోధుమరంగు వేరు, నిలువుగా పలచగా కోసి ఉంది. గాన్సు రాష్ట్రంలో ఎక్కువగా పండుతుంది. మన కొత్తిమీర, వాము, జీలకర్రల కుటుంబమే. వాసన మాత్రం సూపుల్లో వేసే సెలెరీకి దగ్గర, దానికంటే నాలుగింతలు ఘాటు. బాయ్ షావ్ అంటే పియోనీ పూలమొక్క వేరు, తెల్లటి బిళ్ళలుగా ఉంది. చ్వాన్ షియోంగ్ ముక్కల అంచులు రెక్కలు విప్పినట్టుంటాయి, చూడముచ్చటగా ఉంది. నాలుగోది షు ది హువాంగ్. వేరుని సారాయి పట్టించి ఆవిరి మీద ఉడికించడం, ఎండబెట్టడం, మళ్ళీ ఉడికించడం, ఇలా లోపలిదాకా నల్లబడేవరకు చేస్తారు. చేత్తో పట్టుకుంటే పాత చింతపండులా వేళ్ళకి అంటుకుంటుంది. నోట్లో వేసుకుంటే తియ్యగా ఉంది. కషాయానికి ఆ నలుపు రంగు వచ్చేది దీనివల్లే.

కాచడం కష్టమేమీ కాదు. అరగంట నానబెట్టి, సన్నసెగ మీద సగానికి సగం ఇగిరేదాకా మరిగించాలి. అక్కడివాళ్ళు ఊరికే కషాయంగా తాగడం తక్కువట, కోడిమాంసంతోనో పంది ఎముకలతోనో కలిపి ఉడికిస్తారు. నేను అర కేజీ నాటుకోడి, అల్లం ముక్కలు, ఎండు రేగుపళ్ళు వేసి మట్టి దాకలో పెట్టాను. కారం లేదు, పసుపు లేదు, తాలింపు లేదు. మా ఆయన ఒక గరిటె నోట్లో పోసుకుని, "ఉప్పు వేస్తే తినొచ్చు గానీ కోడి దండగైపోయింది" అన్నారు. నాకైతే రెండోసారి నుంచి అలవాటైంది. మొదట తీపి, తర్వాత చిరుచేదు, మింగాక గొంతులో ఆ సెలెరీ వాసన. ఇల్లంతా పట్టేస్తుంది, కిటికీలు తీసి పెట్టుకోండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంటే మరీ మంచిది, లేకపోతే పై ఫ్లాటువాళ్ళు అడుగుతారు.

ఎప్పుడు తాగాలన్నది ముఖ్యం. బ్లీడింగ్ అవుతున్నప్పుడు కాదు, అది పూర్తిగా ఆగాక. డాంగ్ గ్వెయ్, చ్వాన్ షియోంగ్ రెండూ రక్తాన్ని 'కదిలించేవి' అని వాళ్ళ లెక్క, అందుకని బాగా పోతున్న రోజుల్లో వద్దంటారు. ప్యాకెట్ డాక్టరమ్మకి చూపించాకే మొదలుపెట్టాను. ఆవిడ చెప్పినవి: గర్భం వచ్చే అవకాశం ఉంటే ముట్టుకోవద్దు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు అసలు వద్దు, ఏదైనా ఆపరేషన్ తేదీ ఖాయమైతే ముందే మానెయ్యాలి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వేసుకునేవాళ్ళు డాంగ్ గ్వెయ్ తింటే రక్తస్రావం పెరుగుతుందని డాక్టర్లకి తెలిసిన విషయమే. గుండె వాల్వు మార్పించుకుని వార్ఫరిన్ మీద ఉన్నవాళ్ళు మా ల్యాబ్‌కి ఐఎన్ఆర్ పరీక్షకి, అంటే రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూసే పరీక్షకి, వస్తూనే ఉంటారు. వాళ్ళింట్లో ఎవరైనా ఇది చదివితే ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి.

పనిచేసిందా అంటే, నొప్పి కొంచెం నెమ్మదించినట్టే అనిపించింది. అదే నెలలో వేడినీళ్ళ బ్యాగు కూడా పెట్టుకున్నాను, ఆఫీసుకి సెలవు పెట్టి పడుకున్నాను కూడా. అందులో సూప్ వాటా ఎంతో నేను చెప్పలేను. చెప్పగలిగింది హిమోగ్లోబిన్ సంగతి. 'రక్తం పడుతుంది' అన్నారు కదా అని మొదలుపెట్టే ముందు నా రక్తం నేనే తీసుకుని మెషిన్‌లో పెట్టాను, 9.8. ప్యాకెట్లన్నీ అయిపోయాక చూస్తే 9.7. ఆ తర్వాత డాక్టరమ్మ రాసిన ఐరన్ మాత్రలు నిమ్మరసంతో వేసుకుంటూ, భోజనం పైన టీ మానేస్తే 11.6కి వచ్చింది. ఆడవాళ్ళకి 12 ఉండాలి, ఇంకా దారిలో ఉన్నాను.

ఇందులో సూప్‌ని తిట్టాల్సింది ఏమీ లేదు. చైనా వైద్యంలో రక్తం అంటే శరీరానికి తడి, పోషణ, నిద్ర, నెలసరి అన్నీ కలిసిన లెక్క. మన మెషిన్ కొలిచే హిమోగ్లోబిన్ వేరు. ఇనుము తక్కువై రక్తం తగ్గినవాళ్ళకి ఇనుమే కావాలి, ఈ వేళ్ళు ఆ పని చెయ్యవు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇంతమంది ఉన్న చోట బ్లడ్ టానిక్ అని ఇంగ్లీషులో రాసి ఉన్న పెట్టె ఏదైనా అమ్ముడుపోతుంది. ప్రభుత్వాసుపత్రిలో ఐరన్ మాత్రలు ఉచితం, కానీ కడుపులో తిప్పుతుందని సగంమంది పారేస్తారు. రాత్రి అన్నం తిన్నాక వేసుకుంటే చాలామందికి ఆ బాధ తగ్గుతుంది.

పరిశోధనలు ఏమంటున్నాయో కూడా వెతికాను. నెలసరి నొప్పికి చైనా మూలికల మీద జరిగిన 39 ట్రయల్స్‌ని, 3,475 మంది ఆడవాళ్ళ వివరాలని, వైద్య పరిశోధనలని జల్లెడపట్టే కాక్రేన్ సంస్థ 2008లో ఒకచోట పెట్టి చూసింది. ఫలితాలు మూలికల వైపే మొగ్గాయి, కానీ ఆ ట్రయల్స్ చేసిన పద్ధతే నాసిగా ఉంది కాబట్టి గట్టిగా చెప్పలేం అని తేల్చారు. మెనోపాజ్‌లో ఒంట్లో వచ్చే ఆవిర్లకి డాంగ్ గ్వెయ్ ఒక్కటే ఇచ్చి అమెరికాలో 71 మంది మీద 24 వారాలు చూశారు, 1997లో వచ్చిన పేపర్ అది. ఉత్తుత్తి మాత్రకీ దీనికీ తేడా కనపడలేదు. మేం ఎప్పుడూ డాంగ్ గ్వెయ్ ఒక్కటే ఇవ్వం కదా అన్నది చైనా వైద్యుల జవాబు. న్యాయమైన జవాబే. ఒక్క శొంఠి పెట్టి బాలింత కాయం పనిచేస్తుందో లేదో ఎవరైనా తేల్చేస్తే మన అమ్మమ్మలూ ఒప్పుకోరు.

మొత్తానికి సూప్‌గా బాగుంది. మందుగా నా రోగానికి సరిపోలేదు. అందుకే మూడున్నర.

ఇక మాత్రలు. 'వు జి బాయ్ ఫెంగ్ వాన్' అని చైనా, హాంకాంగ్, సింగపూర్ అంతటా తల్లులు కూతుళ్ళకి కొనిపెట్టే మందు ఇది. పెట్టె దాదాపు 1,500 పడింది. ఆవగింజ కంటే కొంచెం పెద్ద నల్లని గోళీలు, చిన్న చిన్న సీసాల్లో. పాతకాలం పద్ధతిలో అయితే తేనెతో చేసిన పెద్ద ఉండ, పైన మైనం డొల్ల ఉంటుంది. మా ఆడపడుచు సరదాకి అలాంటిదీ ఒకటి తెచ్చింది. డొల్ల నొక్కితే రెండు చిప్పలుగా విడిపోయింది, లోపల ఉసిరికాయ కంటే చిన్న ఉండ, మెత్తగా, జిగటగా. నమిలి మింగాలి. తేనె తీపి ముందు తగిలి, వెనకాల ఏదో మాంసం ఎండబెట్టిన వాసన వచ్చింది.

ఆ వాసన ఊరికే రాలేదు. చైనా ప్రభుత్వ ఔషధ గ్రంథం ప్రకారం ఇందులో ఇరవై పదార్థాలు. మొదటిది ఎముకల దాకా నల్లగా ఉండే కోడి, జియాంగ్షి రాష్ట్రంలో తైహె అనే చోటిది పేరుమోసింది. మన కడక్‌నాథ్ కోడి నల్లగా ఉండటానికీ అదే జన్యుమార్పు కారణం. తర్వాత జింక కొమ్ము జిగురు, తాబేలు చిప్ప, ఆల్చిప్ప, ఒక పురుగు గుడ్ల గూడు, జిన్‌సెంగ్, అతిమధురం, డాంగ్ గ్వెయ్, ఇంకా బోలెడు. కంపెనీని బట్టి జాబితా మారుతుంది కాబట్టి మీ పెట్టె వెనకే చూసుకోండి. శాకాహారులైతే కళ్ళు మూసుకుని పక్కన పెట్టెయ్యండి. మా ఇంట్లోకి ఇది సరిగ్గా కార్తీకమాసంలో వచ్చింది. నేను పదార్థాలు పైకి చదువుతుంటే కోడి దాకా ఊరుకున్న మా అత్తగారు, తాబేలు అనగానే, "కూర్మావతారాన్ని మాత్ర చేసి మింగుతావేంటే" అని పెట్టెని వంటింట్లోంచి బాల్కనీకి పంపించేశారు. ఆవిడ మాట ఎలా ఉన్నా, మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి చట్టం కఠినంగానే ఉంటుంది. జింక, తాబేలు పేర్లున్న పెట్టెని సూట్‌కేసులో పెట్టుకుని దిగేముందు ఆలోచించుకోవాలి.

నేను రెండు మార్కులే ఎందుకు వేశానంటే మతం వల్లా కాదు, రుచి వల్లా కాదు. ఒక డేట్ నుంచి ఇంకో డేట్ దాకా వేసుకున్నాను, తేడా ఏమీ తెలియలేదు, అది వేరే సంగతి. ఇరవై పదార్థాలున్న మాత్ర వేసుకున్నాక మంచి జరిగినా చెడు జరిగినా దేనివల్ల అని వెతకాలి? అతిమధురం ఎక్కువరోజులు తింటే బీపీ పెరుగుతుంది, పొటాషియం తగ్గుతుంది. నాకు బీపీ బోర్డర్‌లో ఉంది. నాలుగు మూలికల ప్యాకెట్‌లో అయితే ఏది తీసెయ్యాలో తెలుసు, గోళీలో తీసెయ్యలేను. మా డాక్టరమ్మ కూడా దీనికి మాత్రం అడ్డంగా తలూపారు.

పెట్టె వెనక జాబితా పట్టుకుని ఒక ఆదివారం పూర్ణా మార్కెట్ దగ్గర మూలికల కొట్టుకి వెళ్ళాను. గుమ్మం ముందు గోనెసంచుల్లో కరక్కాయలు, ఉసిరి ముక్కలు, మారేడు బెరడు. లోపల పెద్దాయన, చెవిలో బీడీ. లాటిన్ పేర్లు ఫోన్‌లో కొట్టి తెలుగు పేర్లు చదువుతుంటే ఆయన ఒక్కొక్క డబ్బా దించాడు. అతిమధురం ఉంది. దాల్చినచెక్క సరే. మఖానా, ఇప్పుడు డైట్ చేసేవాళ్ళంతా వేయించుకుని తింటున్నదే, చైనావాళ్ళు దాని గింజనే ఆ మాత్రలో వేస్తారు. చైనా తియాన్ డోంగ్ మన పిల్లపీచరకి దగ్గరి చుట్టం. అసలు తమాషా షియాంగ్ ఫు అనే దాని దగ్గర జరిగింది. చైనాలో ఆడవాళ్ళ మందుల్లో అది లేకుండా గడవదు. 16వ శతాబ్దపు మహావైద్యుడు లి షిజెన్ దానికి ఆడవాళ్ళ వైద్యంలో సేనాధిపతి అని బిరుదే ఇచ్చాడు. ఏమిటా అని చూస్తే తుంగముస్తలు.

పెద్దాయన పగలబడి నవ్వాడు. "ఏటమ్మా, చైనా అంటావేటి? మా చోడవరం పొలంలో కలుపు కదమ్మా ఇది! దీన్ని పీకలేక మా అయ్య నడుం పడిపోయింది" అని గుప్పెడు తీసి చేతిలో పోశాడు. నల్లటి చిన్న గడ్డలు, పీచు అతుక్కుని ఉంది. ఒకటి కొరికితే కర్పూరంలాంటి ఘాటు, చేదు. స్నానప్పొడుల్లో వేసుకునేది మనకి తెలుసు. మన ఆయుర్వేదంలోనూ దీన్ని అరుగుదలకీ జ్వరాలకీ వాడతారు.

అప్పుడే ఆయన్ని అశోక చెక్క గురించి అడిగాను, అశోకారిష్టం మన ఆడవాళ్ళ మందే కదా. రెండు రకాలు చూపించాడు. "ఇది అసలుది, ఇది రోడ్డుపక్క చెట్టుది. నువ్వు అడక్కపోతే కొందరు ఇదే ఇస్తారు" అన్నాడు. ఆ రెండోది నరమామిడి, కాలనీల్లో, కాలేజీల్లో నిటారుగా వరసలో నాటే చెట్టు, అందరూ అశోక అంటారు. ఆయుర్వేదం మందుకి వాడే అశోక అది కాదు, ఎర్రటి గుత్తులుగా పూసే వేరే చెట్టు. దేశమంతటా ఈ కల్తీ ఉన్నదే. తన సరుకు కల్తీ గురించి తనే చెప్పే కొట్టువాడు దొరకడం అదృష్టం. ఆయన దగ్గర నేను కొన్నది వంద రూపాయల అతిమధురం, తుంగముస్తలు మాత్రమే. స్నానప్పొడిలోకి పోయాయి.

ఇప్పుడు ఆ సెంటర్. పేరు రాయను, వీధి కూడా రాయను. మా అక్క కూతురికి ఇరవై రెండేళ్ళు, పీసీఓడీ, అంటే హార్మోన్ల తేడాతో అండాలు సరిగ్గా విడుదల కాని సమస్య. నెలసరి మూడు నెలలకోసారి వస్తోంది, గడ్డం కింద వెంట్రుకలు, దాంతో బోలెడు టెన్షన్. ఎవరో ఫ్లెక్సీ చూసి చెప్పారని నన్ను తోడు రమ్మంది. ఏసీ గది, గోడ మీద డ్రాగన్ బొమ్మ, వెదురు మొక్క, సన్నగా పిల్లనగ్రోవి సంగీతం. కూర్చోగానే నాడి చూశారు, నాలుక చాపమన్నారు. ఇంతవరకు చైనా పద్ధతే, తప్పుపట్టను. "అండాశయంలో నీటిబుడగలన్నీ మూడు నెలల్లో కరిగిపోతాయి. స్కాన్‌లు, హార్మోన్ టెస్టులు ఇంక వద్దు. సైడ్ ఎఫెక్ట్స్ నిల్" అన్నారు. ఆక్యుపంక్చర్ సూదులు, పొడి కలిపి కోర్సు 18,000, మొత్తం ముందే కట్టాలి.

పొడి పొట్లాలు చూపించారు. వెండిరంగు సాషేలు, వాటి మీద ఎ అని, బి అని మార్కర్‌తో రాసి ఉంది. అంతే. పేరు లేదు, బ్యాచ్ లేదు, గడువు లేదు, తయారీదారు లేడు. "ఇందులో ఏముందండీ?" అని అడిగాను. "మా గురువుగారి ఫార్ములా మేడం, బయటపెట్టకూడదు" అన్నారు. పిల్లకి పెళ్ళి కుదిరిందా అని అడిగారు గానీ, గర్భం ఉండే అవకాశం ఉందా, వేరే మందులు వాడుతున్నావా అని ఒక్క ముక్క అడగలేదు. అది పీసీఓడీకి మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మందు వేసుకుంటోంది. "పిన్నీ, పద పోదాం" అని అదే లేచింది. రిసెప్షన్‌లో కన్సల్టేషన్ ఫీజు 500 మాత్రం వదల్లేదు.

పీసీఓడీలో స్కాన్‌లో కనిపించేవి కరగాల్సిన బుడగలు కావు. ఎదుగుదల మధ్యలో ఆగిపోయిన అండాల సంచులు అవి. థైరాయిడ్, ప్రొలాక్టిన్ హార్మోన్లు చూడకుండా నెలసరి తప్పడానికి కారణం ఇదేనని చెప్పనూ కూడదు. ఆ పరీక్షలు వద్దన్నవాళ్ళకి దండం పెట్టి వచ్చెయ్యడమే. సూదుల సంగతికొస్తే, చైనాలోనే 21 ఆసుపత్రుల్లో పీసీఓఎస్ (పీసీఓడీకే ఇంకో పేరు) ఉండి పిల్లలు పుట్టని 1,000 మంది మీద పెద్ద ట్రయల్ చేశారు, 2017లో వచ్చింది. అండం విడుదల కావడానికి మామూలుగా ఇచ్చే క్లోమిఫీన్ మాత్ర వేసుకున్నవాళ్ళలో 28, 29 శాతం మందికి పిల్లలు పుట్టారు. ఆ మాత్ర లేనివాళ్ళలో అసలు ఆక్యుపంక్చర్ పొందిన గుంపులో సుమారు 14 శాతం, ఉత్తుత్తి సూదుల గుంపులో సుమారు 17 శాతం. సూదులు కలిపినందువల్ల అదనంగా వచ్చిందేమీ లేదు. చైనావాళ్ళు నిజాయితీగా తేల్చి చెప్పిన సంగతిని ఇక్కడ డ్రాగన్ బొమ్మ కింద కూర్చుని దాచిపెడుతున్నారు.

పేరు రాయని పొడి అంటే నాకు ఎందుకంత మంట అంటారా, బెల్జియం కథ చదవండి. 1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లో ఒక బరువు తగ్గించే క్లినిక్‌లో ఆడవాళ్ళకి మాత్రల్లో చైనా మూలికలు కలిపి ఇచ్చారు. ఫాంగ్ జి అనే పేరుతో వేసినదాంట్లో ఒక మూలికకి బదులు ఇంకోటి, అరిస్టలోకియా జాతిది, వచ్చి పడింది. వంద మంది దాకా కిడ్నీలు పాడయ్యాయి, చాలామందికి డయాలసిస్, మార్పిడి దాకా వెళ్ళింది, తర్వాత కొందరికి మూత్రనాళాల్లో క్యాన్సర్ తేలింది. వాళ్ళంతా సన్నబడదామని వెళ్ళినవాళ్ళు. ఈ అరిస్టలోకియా చైనాలోనే ఉందనుకోకండి. మన పొలంగట్ల మీద మొలిచే గాడిదగడప, పాము కాటుకి మంచిదని చెప్పే ఈశ్వరి వేరు, రెండూ ఆ జాతివే. నెలసరి రావడానికి గాడిదగడపాకు రసం తాగమనే చిట్కాలు ఇప్పటికీ వీడియోల్లో తిరుగుతున్నాయి. ఆ చిట్కా జోలికి పోకండి.

సింగపూర్ ప్యాకెట్ నాకు నచ్చడానికి పెద్ద కారణం ఇదే. అక్కడ రెడీమేడ్ చైనా మందులు అమ్మాలంటే ముందు ఆరోగ్యశాఖ సంస్థ దగ్గర నమోదు కావాలి, చైనా వైద్యం చేసేవాళ్ళకి 2000 నాటి చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. జపాన్‌లో ఇంకా ముందుకెళ్ళారు. ఇదే డాంగ్ గ్వెయ్, పియోనీ కలిపిన మిశ్రమాలని ఫ్యాక్టరీలో కొలతగా తయారుచేసి డాక్టర్లే చీటీ రాస్తారు, 148 రకాలకి ఇన్సూరెన్సే డబ్బు ఇస్తుంది. పనిచేస్తుందా లేదా అన్నది తర్వాత, కనీసం ఏం మింగుతున్నామో తెలుస్తుంది.

మా అక్క కూతురు ఇప్పుడు ఘోషా ఆసుపత్రిలో చూపించుకుంటోంది, పొద్దున్నే బీచ్ రోడ్డులో కాళీమాత గుడి నుంచి నడక మొదలుపెట్టింది. ఆ 18,000తో స్మార్ట్ వాచీ కొంటానని వాళ్ళమ్మని పీడిస్తోంది.

కొనాలనుకునేవాళ్ళకి ఇంకో మాట. సింగపూర్ నుంచి ఎవరైనా వస్తుంటే సూప్ ప్యాకెట్లే తెప్పించుకోండి, మాత్రలు వద్దు. ఆన్‌లైన్‌లో ఇదే పేరుతో వచ్చేవాటిలో పదార్థాల గ్రాములు రాయనివి చాలా చూశాను, అలాంటివి వదిలెయ్యండి. నొప్పి భరించలేనంత ఉన్నా, ప్యాడ్ గంటకొకటి మార్చాల్సి వస్తున్నా ముందు స్కాన్. ఇక మన సముద్రపు గాలికి ఆ నల్ల వేరు ప్యాకెట్ విప్పిన వారంలోనే తెల్లగా బూజు పడుతుంది. గాజు సీసాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టండి, బూజు కనిపిస్తే కడిగి వాడొద్దు, మొత్తం పారెయ్యండి.